పచ్చిదేదీ తినలేదు

కండ్లు తెరవకు బిడ్డా, తెరిస్తే మందు కారిపోతది, మల్ల పోస్తరు, మల్ల మండుతది, అని నేను అంటనే ఉన్న, ప్రణాలి మూసుకునే ఉంది. నేను అనకపోయినా మూసుకునే ఉంటది. అయిదేండ్ల పిల్ల, ఎవరేం చెప్తే అది చేస్తది, నిలబడు అంటే నిలబడతది, మింగు అంటే మింగుతది, మంచిపిల్ల మంచిపిల్ల అని ముద్దులు పెట్టి పెట్టి ఇట్ల చేసిపెట్టుకున్నం. ఇప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒళ్ళె తల పెట్టుకొని, నా తొడల మీద కాళ్ళు జాపుకొని, దవాఖాన వరండాల ఈ ఇనుప బల్ల మీద పండుకుంది. కుడి కంటి రెప్ప ఇంకా ఉబ్బే ఉంది. రెప్ప వాచింది, దానికి మలామేదో రాసిస్తరు, పొద్దెక్కక ముందే ఇంటికి పోయి పప్పు పొయ్యి మీద పెట్టుకోవచ్చు అనుకుంట వచ్చిన నేను. డాక్టరు మేడం చీకటి గదిల చిన్న దీపం పట్టుకొని చూసింది, మల్ల చూసింది, కుర్చీ వెనక్కి జరుపుకొని మరాఠీల మెల్లగ చెప్పింది. లోపల పురుగు లాంటిదేదో ఉన్నది బాయి, కదిలింది, నాకు సరిగ్గ అందలేదు, నల్లగుడ్డు పెద్దగయ్యే మందు పోస్త, గంట సేపు బయట కూసోండ్రి, అప్పుడు లోతుకు చూస్త. పురుగు. బియ్యంల పురుగైతే చాటల పోసి చెరుగుతం, వంకాయల పురుగైతే అంతమేరకు కోసి పారేస్తం. కంట్ల పురుగును ఏం చెయ్యాలె, ఎట్ల చెరగాలె, ఎంతమేరకు కోసి పారెయ్యాలె.

వాన పడుతుంది. రేకుల మీద పడే వాన చప్పుడుకు ఎవరి మాట ఎవరికీ వినబడ్తలేదు, అదొక్కటే నయం. ఎదురుంగ ఒక ముసలాయన కంటికి తెల్లగుడ్డ కట్టుకొని ఉడికిన పల్లీలు ఒలుచుకొని తింటుండు. మేడం నన్ను అడిగిన మాటలు నేను లోపలనే మల్ల మల్ల తిప్పుకుంటున్న. పచ్చి చేప తిన్నదా? సగం ఉడికింది? పీత, కప్ప, పాము? పంది మాంసం? ఒక్కొక్కటి మరాఠీల అడుగుతుంటే నేను మా అత్తమ్మకు తెలుగుల చెప్పుకుంట వచ్చిన. ఆమెకు మరాఠీ వస్తది గని దవాఖానల రాదు, బ్యాంకుల రాదు, అంగట్ల మాత్రం మస్తుగ వస్తది. పాము అనంగనే అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పాములు దినేటోళ్ళ లెక్క కనబడ్తున్నమా ఆ డాక్టరమ్మకు? పచ్చి చేప మా ఇంట్ల పిల్లికి గుడ పెట్టం, చెప్పు. మంచి కులంల పుట్టినం, చెప్పు." కులం మాట తీసేసి మిగిలింది మరాఠీల చెప్పిన. లేదు మేడం, పచ్చిదేదీ తినలేదు. మేడం నా మొకంల మొకం పెట్టి చూసింది. ఆలోచించుకొని చెప్పు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏ పురుగో తెలుస్తది, ఏ పురుగో తెలిస్తే గోళీలు ఇయ్యాల్నా బయటికి తియ్యాల్నా తెలుస్తది, ఒకదానికి ఇచ్చేది ఇంకొకదానికి ఇస్తే కన్ను దక్కదు. ఆలోచించేటందుకు ఏమున్నది, తినలేదు అంటే తినలేదు. నేను ముల్లు ముల్లు ఏరి పెట్టే తల్లిని. చేప తెస్తే ఉప్పు పసుపుల మూడు నీళ్ళు కడుగుత, పులుసుల ముక్క విరిగిపోయే దాకా ఉడికిస్త, పక్కింటి మరాఠీ పిన్నమ్మ, కాకు అని పిలుస్త, వాసన చూసి, మీ తెలుగోళ్ళకు చేప లేంది ముద్ద దిగదా అంటది, దిగదు కాకూ, అంట. నా చేతి కూర తిని నా బిడ్డ కంట్ల పురుగు పడ్డదా. పొయ్యి కట్టేసే ముందు ఒక్కనాడన్న తొందరపడ్డనా. చంద్రపూర్ పక్కన మా దుర్గాపూర్ క్వార్టర్ల నీళ్ళు రంగు తిరిగొస్తయి, గుడ్డ కట్టి పడత, కాచి చల్లార్చి తాపుత, ఇంత చేసి నేనెక్కడ తప్పిన.

ఆ వాపు గుడ ఎట్లొచ్చిందని. ముందుగాల చెంప మీద వచ్చింది, దోమ కుట్టిందనుకున్న. ఎర్రగ, గట్టిగ, దురద, పిల్ల గోకి గోకి రక్తం తీసుకుంది. మాయమైంది. పోయింది గదా అని నెత్తి దువ్వుతుంటే కణత దగ్గర చేతికి తగిలింది, నిన్న లేదు, ఇయాల ఉన్నది. అత్తమ్మ దిష్టి అన్నది, మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది, ఘాటు రాలేదు జూడు, ఎంత దిష్టో అన్నది. కాలనీ డాక్టరు మొకమెత్తకుండనే అలర్జీ అని రాసిచ్చిండు. వాపు నడుస్తుంది సార్ అని చెప్పిన నేను. వాపు నడుస్తదా అని నవ్విండు. నడిచింది. చెంప నుంచి కణతకు, కణత నుంచి రెప్పకు, ఇల్లు వెతుక్కునేటోని లెక్క నడిచింది, నేను దాని వెనకనే పసుపు రాసుకుంట, మలాం రాసుకుంట పోయిన. తొమ్మిదోతరగతి సైన్సు పుస్తకంల ఒక బొమ్మ ఉండె, పురుగు గుడ్డు నీళ్ళల, నీళ్ళల నుంచి ఇంకో దాంట్లకు, దాంట్లకెల్లి మనిషి లోపలికి, చుట్టూ బాణాలు. ఆ పాఠం టీచర్ తర్వాత చెప్తనన్నది. తర్వాతకు నేను లేను, మా అమ్మ మంచాన పడ్డది, నేను వంటింట్ల పడ్డ, పదోతరగతి పుస్తకాలు మా తమ్మునికి కొన్నరు. ఆ బాణాలు ఎటు నుంచి ఎటు పోయినయో యాదికి తెచ్చుకుందామంటే బాణాలు కనబడ్తయి గని బొమ్మలు కనబడ్తలేవు.

నర్సు వచ్చి పిల్ల రెప్ప లేపి చూసి ఇంకో చుక్క పోసింది. ప్రణాలి నా బొటనవేలు గట్టిగ పట్టుకుంది, ఏడ్వలేదు. ఏడ్వు తల్లీ, ఒక్కసారన్న గొంతు చించుకొని ఏడ్వు, వద్దను, ఉమ్మెయ్యి. నర్సు కాగితం చూసుకుంట అడిగింది, ఇంట్ల ఏమేం మందులు నడుస్తున్నయి. దమ్ముకు నోట్ల పీల్చే పంపు, అని చెప్పిన. అలర్జీ గోళీ. దగ్గు సీసా. చెప్తుంటే అత్తమ్మ నా మోచేతి మీద గిచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "మిరుగం మందు సంగతి చెప్పకు. చెప్తే గుణం పోతది" అన్నది. సరే అన్నట్టు తలూపిన గుడ. నర్సు పోయింది. తలూపిన తల అక్కడనే ఆగిపోయింది.

మిరుగం మందు.

ఆ మందు గోళీ గాదు. సీసా గాదు. ఆ మందుకు తోక ఉన్నది.

మృగశిర కార్తె మొదటినాడు, ఎండకు పగిలిన చంద్రపూర్ల ఇంకా ఒక్క చినుకు పడలేదు, బాబుపేట్ల సమ్మన్న మామ వాకిట్ల బారెడు లైను. సమ్మన్న మామ మా అత్తమ్మకు తోడబుట్టిన అన్న, బొగ్గుబాయిల పనిచేసి రిటైరైండు, వాళ్ళ నాయన ప్రాణహిత ఒడ్డున ఇచ్చిన మందు ఈయన ఈడ ఇస్తడు. పైస ముట్టడు. ముట్టినా బాగుండు, మోసగాడని తిట్టుకుందును. తెల్లారకముందే తానం చేసి, ఒక్కపొద్దుండి, అందరి పిల్లలను తన పిల్లలే అన్నట్టు గదువ పట్టుకొని నోరు తెరిపిస్తడు. మా తెలుగోళ్ళే గాదు, మరాఠీ వాళ్ళు, ఘుగ్గుస్ సిమెంటు ఫ్యాక్టరీల పనిచేసేటోళ్ళు, దగ్గే పిల్లలను సంకనేసుకొని అందరొస్తరు. బొగ్గు పొడి, కరెంటు ఫ్యాక్టరీ బూడిద పీల్చి పీల్చి ఇక్కడ ఏ ఇంట్ల పిల్ల దగ్గదు. మా ఇంటి వెనకనే ఆ పొగగొట్టాలు, ఆరేసిన బట్ట దులిపితే బూడిద రాలుతది, పిల్ల రొమ్ముల పిల్లికూన అరిచినట్టు చప్పుడు. ఆ పొగను ఎవడు ఆపుతడు, ఎవనికి చెప్తం, మా ఆయన తినేది ఆ బొగ్గు మీదనే, అందుకే ఏది మా చేతుల ఉన్నదో అది చేస్తం, చేపను మింగిపిస్తం. పంపు కొడుతున్నం గదా అత్తమ్మా, తగ్గుతుంది గదా, అన్న నేను మొన్న వేసవిల. "ఆ పంపు పట్టుకొని అత్తగారింటికి పోతదా రేపు? మూడేండ్లు వరుసగ మిరుగం మందు పడితే జన్మల దమ్ము రాదు. నీ పెనిమిటి మింగలేదా? చావలేదు గదా?" అన్నది. మా ఆడబిడ్డ జ్యోతిలక్ష్మి గుడ ఘుగ్గుస్ నుంచి తన బిడ్డ అక్షితను తీసుకొని వచ్చింది ఆనాడు, ఇద్దరు పిల్లలకు ఒకే తీరు గౌన్లు తొడిగినం, లైన్ల ముందొకరు వెనకొకరు.

స్టీలు బకెట్ల కొర్రమట్ట పిల్లలు. వేలంత పొడవు. నీళ్ళు మురికిగ ఉన్నయి, చేపలు నల్లగ మెరుసుకుంట తిరుగుతున్నయి, ప్రణాలి వంగి చూసి మురిసింది, మమ్మీ బఘ్, కిత్తీ ఛాన్, చూడు ఎంత ముద్దుగున్నయో అన్నది. సమ్మన్న మామ ఒకదాన్ని పట్టి నోరు తెరిచి దాంట్ల పసుపుపచ్చ మందు ముద్ద పెట్టిండు, చేప నోట్ల మందు, పిల్ల నోట్ల చేప. మందును లోపలికి మోసుకపోయేటందుకే చేప, అది గొంతు నుంచి దిగుకుంట రొమ్ముల కఫం గీక్కుంట పోతది, అన్నడు. అత్తమ్మ ముక్కు మూసింది, ఆయన గదువ ఎత్తిండు, పిల్ల మెడ మీద చర్మం కింద అది దిగుడు నాకు కనబడ్డది. మింగింది. వెనక నిలబడ్డోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు, మంచిపిల్ల అన్నరు. ఇంటికొచ్చి చేపల పులుసు చేసుకున్నం, మిరుగం నాడు చేప తినాలె గదా, మెత్తగ ఉడికించిన, ముల్లు గుచ్చుకుంటదని భయపడి ఒక్కొక్కటి ఏరి పెట్టిన. ముల్లు! ఏడ ముల్లున్నా ఏరేదాన్ని.

పచ్చి చేప తిన్నదా అని అడిగితే నాకు పళ్ళెం కనబడ్డది, ముక్క కనబడ్డది, ఉప్పు కారం కనబడ్డది, ఛీ అనిపించింది, లేదు అన్న. అబద్ధం గాదు. కండ్ల ముందట బతికున్న చేప నా బిడ్డ గొంతుల దిగుతుంటే చూసినదాన్ని, లేదు అన్న, అబద్ధమాడుతున్ననని లోపల ఒక్క పోగు గుడ కదలలేదు. మాకది చేప గాదు. తిండి గాదు. అన్నం తిన్నవా అంటే ప్రసాదం లెక్కల రానట్టు, మందు లెక్కల రాదు. ఆ డాక్టరమ్మ ఎన్ని తీర్ల అడిగినా, పీత పేరు తీసినా పాము పేరు తీసినా, ఆ మాట మా నోట్లకెల్లి వచ్చేది గాదు.

"అత్తమ్మా, చేప."

"ఏం చేప?"

"మిరుగం నాటి చేప. అది పచ్చిదే గదా."

అత్తమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మందును పట్టుకొని చేప అంటవేందే? అండ్ల పసుపున్నది, ఇంగువున్నది, మా నాయన నాటి ఆకులున్నయి. పురుగు బతుకుతదా దాంట్ల?"

"మందు చేప నోట్ల పెట్టిండ్రు. చేప కడుపుల, చేప కండల ఏమున్నదో ఎవరు చూసిండ్రు?"

"మెల్లగ మాట్లాడు. వాన చప్పుడున్నా చెవులున్నయి అందరికీ." పిల్ల చెవి మీద చెయ్యి పెట్టింది. "నేను మింగిన, నా అన్నలు మింగిండ్రు, నీ మొగడు మింగిండు. మాకు లేని పురుగు నీ బిడ్డకొచ్చిందా? నీ పుట్టింటి రక్తం పలచన, అండ్లకెల్లి వచ్చిందేమో. స్వప్నా, చెప్తున్న విను. మా అన్న పేరు దవాఖానల తీసినవంటే పోలీసులొస్తరు. వయసు మీదవడ్డ మనిషిని బజార్ల నిలబెడ్తవా? ఏ పురుగైతే ఏంది, పురుగును చంపే గోళీ ఇయ్యమను, చస్తది."

తప్పు గోళీ ఇస్తే కన్ను దక్కదన్నది మేడం. అది గుడ నేనే తెలుగుల చెప్పిన ఈమెకు. విన్నది. విని మర్చిపోయింది, లేకుంటే వినుకుంటనే పక్కకు పెట్టింది. మా ఆయనకు ఫోన్ చేసిన. ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల డంపర్ నడుపుతడు, బండి మీదున్నప్పుడు ఎత్తడు, ఎట్లనో ఎత్తిండు, వెనక ఇంజను చప్పుడు. ఒక్క గుక్కల చెప్పిన, కంట్ల పురుగు, మిరుగం చేప, మేడం అడుగుతుంది, చెప్పనా. బిడ్డ ఎట్లున్నది అని అడుగుతడేమో అని చెవికి ఇంకా గట్టిగ ఒత్తుకున్న ఫోను.

"అమ్మేమంటుంది?"

"వద్దంటుంది."

"అమ్మకు తెల్వదా మరి? చెప్తే చెప్పు గని, మామ పేరు తియ్యకు. బాబుపేట్ల మల్ల మొకం ఎట్ల చూపెడ్తం?"

పెట్టేసిండు. మొకమట. మొకం అంటే ఈయనకు బాబుపేట్ల చూపెట్టేది. నా కండ్ల ముందటున్న ఈ మొకం, సగం ఉబ్బిన ఈ మొకం, చెంప మీద గోకిన గీతలున్న ఈ మొకం ఎవరిది. పెండ్లైనప్పటి నుంచి ఈ ఇంటోళ్ళ మాటలు నేను మోస్తనే ఉన్న, స్కూల్ల నేనే, రేషను దుకాణంల నేనే, దవాఖానల నేనే, తెలుగు ఇటు పోసుకొని మరాఠీ అటు పొయ్యాలె, నడుమ నా మాటేదీ కలవకుండ. మా కోడలు మరాఠీ ఫరఫర మాట్లాడుతది అని గొప్ప చెప్పుకుంటరు నలుగురిల. నాకేమన్న చెప్పాలని ఉంటదని ఒక్కరన్న అనుకున్నరా. నేనన్న అనుకున్ననా. మేడం నన్ను అడిగింది, తల్లివి నువ్వే గదా అని నా మొకం చూసి అడిగింది, నేను పక్కకు తిరిగి అత్తమ్మను అడిగిన.

తలుపు తెరిచి నర్సు పిలిచింది, ప్రణాలి, ఏకచ్ జణ్ యా, ఒక్కరే రావాలె. అత్తమ్మ పిల్లను ఎత్తుకొని లేచింది. "నేను పోత. నువ్వు కూసో" అన్నది. "మీకు మరాఠీ రాదు గదా" అన్న. ఆమె చేతులు బిగుసుకున్నయి. నేను పిల్ల చంకల కింద చేతులు పెట్టి గుంజుకున్న, అవును, గుంజుకున్ననే, పల్లీల ముసలాయన తినుడు ఆపి చూసిండు. ప్రణాలి కండ్లు మూసుకునే నా మెడ వాసన పట్టి అతుక్కుంది.

చీకటి గదిల మేడం దీపం సరిచేసుకుంటుంది. కూసోకముందే చెప్పిన. నిలబడే చెప్పిన.

"మేడం, చేప మింగింది."

"లేదన్నవు గదా?"

"తినలేదు మేడం. మింగింది. బతికున్నదాన్ని. మా వాళ్ళల దమ్ముకు మందని మింగిపిస్తరు. మరళ్ పిల్ల." కొర్రమట్టను మరాఠీల మరళ్ అంటరు, ఆ మాట యాదికొచ్చినందుకు నా మీద నాకే ఏదో అయింది.

మేడం తిడుతదనుకున్న. చదువు లేదా నీకు, బుద్ధి లేదా అంటదనుకున్న, సగం వరకు చదువుకున్న అని చెప్పేందుకు తయారుగ ఉన్న. ఎప్పుడు అని అడిగింది, మిరుగం నాడు అన్న, ఆమెకు గుడ తెలుసు మిరుగం, వాళ్ళకు మృగ్ నక్షత్రం. వాపు ఎక్కడ మొదలైంది, ఎటు పోయింది అని అడిగింది. చెంప, కణత, రెప్ప. నడిచింది మేడం, అన్న. నడుస్తది, అన్నది. నవ్వలేదు. బల్ల మీద అప్పటికే రాసి పెట్టిన గోళీల కాగితం మీద అడ్డంగ గీత కొట్టింది. అద్దం పెట్టి పిల్ల కంట్లకు చాలాసేపు చూసింది, తర్వాత నాగపూర్‌కు ఫోన్ చేసింది, ఇంగ్లీషుల మాట్లాడింది, నాకు తెలిసిన మాటలు మూడో నాలుగో. ఇది ఒక చోట ఉండే పురుగు గాదు, తిరిగే జాతి అనిపిస్తుంది, ఇప్పుడు కంట్ల ఉన్నది, ఉన్నప్పుడే తియ్యాలె, ఇయాలే పోవాలె, అన్నది. చూపు ఉంటదా మేడం. మాట ఇయ్యలేను బాయి, అన్నది. పొద్దుగాల వచ్చినప్పుడే చెప్పుంటే ఉండేదా అని అడగలేదు నేను. అడిగితే చెప్తదేమోనని భయమైంది. అప్పుడు మేడం పెన్ను పట్టుకొని, ఎవరిచ్చిండ్రు, ఇంకా ఎంతమంది పిల్లలు మింగిండ్రు, అన్నది. బారెడు లైను కనబడ్డది నాకు. సంకల మీద దగ్గుకుంట, గదువలెత్తుకుంట. సమ్మన్న, బాబుపేట్, అని చెప్పిన. ఇల్లు ఎక్కడో గుడ చెప్పిన.

బయటికొచ్చేసరికి అత్తమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. "ఏమన్నది?"

"నాగపూర్ పోవాలె. బండి మాట్లాడిండ్రు. కన్ను కోస్తరు."

"చెప్పినవా?"

"చెప్పిన. పేరు గుడ."

నోరు తెరిచింది. తిట్టు ఆడిదాకా వచ్చింది, నాకు కనబడ్డది, అంతలనే ఏదో యాదికొచ్చినట్టు మొకం తెల్లబోయింది. నా వైపు వీపు పెట్టి, గోడ దిక్కు తిరిగి, బొడ్లెకెల్లి ఫోన్ తీసి గుండీలు ఒత్తింది. వాన అప్పుడే ఆగింది, ప్రతి మాట వినబడ్డది నాకు.

"జ్యోతీ, నేనే. అక్షిత ఏడున్నది? మొకం మీద, చెంప మీద వాపు గిట్ల ఉన్నదేమో చూడు. ఊకెనే గాదు, దీపం పెట్టి చూడు. ఉన్నా లేకున్నా ఇప్పుడే దవాఖానకు తీస్కపో. చేప మింగిందని చెప్పు. ఆఁ, మామ ఇచ్చిన చేపనే. పేరు చెప్పు, ఏమైతే గానీ చెప్పు. దాపెట్టకు బిడ్డా, పిల్ల కన్ను."

ప్రణాలి కండ్లు తెరిచింది. నల్లగుడ్లు ఎంత పెద్దగైనయంటే చుట్టూ గోధుమరంగు సన్నటి అంచే మిగిలింది. "మమ్మీ, అంతా పొగ లెక్క ఉన్నది" అన్నది. మూసుకో అనలేదు నేను. గేటు దాకా ఎత్తుకొని నడిచిన, నా వెనక అత్తమ్మ చెప్పులు నీళ్ళల టపటప కొట్టుకుంట వచ్చినయి, ఆగు స్వప్నా, నేనొస్త, ఆగు. నాగపూర్ బండి డ్రైవరు వెనక తలుపు పట్టుకొని అడిగిండు, ఇంకా ఎవరన్న ఉన్నరా.

లేరని చెప్పిన.